అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో దారి మూసుకుపోయాక విదేశీ లీగుల్లో గొప్ప కెరీర్ సాధ్యమేనా?

సాధ్యమే. స్టీఫన్ మార్బరీని చూడండి. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ కుర్రాడు. 1996 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో, నాలుగో ఎంపిక. లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కు రెండుసార్లు ఎంపికయ్యాడు. అయినా 2009లో బోస్టన్ సెల్టిక్స్ జట్టుతో అతని ఎన్‌బీఏ ఆట ముగిసిపోయింది.

2010లో చైనా వెళ్లి మొదట షాన్షీ జట్టుకు, తర్వాత ఫోషాన్‌కు ఆడాడు. అక్కడ పెద్దగా కలిసిరాలేదు. అసలు మలుపు 2011లో బీజింగ్ డక్స్‌లో చేరడం. అంతవరకూ ఒక్కసారి కూడా చైనా లీగ్ టైటిల్ గెలవని ఆ జట్టు మరుసటి ఏడాదే ఛాంపియన్ అయింది. 2014, 2015లో మళ్లీ గెలిచింది. బీజింగ్‌వాళ్లు అతనికి విగ్రహం పెట్టారు, చైనా ప్రభుత్వం శాశ్వత నివాస హక్కు ఇచ్చింది. విదేశాలకు ఆడటానికి వెళ్లే అమెరికన్లలో చాలామంది ఒకటి రెండు సీజన్లకే జట్టు మారతారు. ఇతను మాత్రం ఆరు సీజన్లు ఒకే జట్టుతో ఉండిపోయాడు. నా దృష్టిలో పాయింట్లకన్నా ఆ నిలకడే అతన్ని బీజింగ్ మనిషిని చేసింది.

2018లో ఆట మానేశాక కూడా చైనాను వదల్లేదు. మరుసటి ఏడాది బీజింగ్‌లోనే మరో జట్టుకు కోచ్ అయ్యాడు.