ప్రాగ్ కోటకి మోకాళ్ళ నొప్పితో వెళ్ళొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. నాకు 61 ఏళ్ళు. రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి వుడా పార్క్ దాకా నడుస్తాను గానీ మెట్లెక్కాలంటే మాత్రం మోకాళ్ళు సహకరించవు. మా అబ్బాయి వచ్చే మేలో చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ తీసుకెళ్తానంటున్నాడు, కోట కొండ మీదుంది అయినా గంటన్నరలో చూసేయొచ్చు అంటున్నాడు. నేను నడవగలనా? అంత దూరం వెళ్ళి అక్కడ ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: హాయిగా నడవగలరమ్మా, కాకపోతే కింద నుంచి ఎక్కొద్దు, పైనుంచి దిగుతూ చూడండి. నేను మొదటిసారి ఇది తెలీక మాలోస్ట్రాన్‌స్కా మెట్రో దగ్గర దిగి పాత కోట మెట్లన్నీ ఎక్కేసి, పైకి చేరేసరికి ఆయాసంతో ఒక అరుగు మీద కూలబడ్డాను, ఆ రోజు లోపల చూసింది సగం కూడా గుర్తులేదు. మీరు 22 నంబర్ ట్రామ్ ఎక్కి పొహోర్జెలెట్స్ స్టాప్‌లో దిగండి, అక్కడి నుంచి కోట ముందు మైదానం దాకా చిన్న వాలే, మన కేజీహెచ్ డౌన్‌తో పోలిస్తే ఏమీ కాదు. దారంతా రాళ్ళు పరిచి ఉంటుంది కాబట్టి చెప్పులు వద్దు, బీచ్‌లో వేసుకునే షూసే వేసుకోండి.

ప్రాంగణాల్లో తిరగడానికి డబ్బులక్కర్లేదు, లోపలి భవనాలకే టికెట్. కోట అంటే ఒక్క బిల్డింగ్ అనుకోకండి, దాదాపు 17 ఎకరాల్లో ఒక చిన్న ఊరే. 9వ శతాబ్దం నుంచి అది బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలో పెద్ద భాగం) పాలకుల కోట, 1918 తర్వాత ప్రెసిడెంట్ ఆఫీసు అదే, ఇప్పటికీ అదే. పైన ఎగిరే ప్రెసిడెంట్ జెండా మీద చెక్ భాషలో ఉన్న మాటకి అర్థం "సత్యం గెలుస్తుంది" అని, మన సత్యమేవ జయతే అన్నమాట, అది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

సెయింట్ వీటస్ చర్చి ఎలాగూ చూస్తారు, 1344లో మొదలై 1929కి గానీ పూర్తవలేదు. దాని టవర్ మాత్రం ఎక్కకండి, 287 మెట్లు.

మీ ఓపికంతా పాత రాజభవనం కోసం దాచుకోండి. అందులో వ్లాదిస్లావ్ హాల్ 62 మీటర్ల పొడవు, మధ్యలో ఒక్క స్తంభం లేదు, పైకప్పు రాతి పక్కటెముకలు పూలతీగల్లా అల్లుకుపోయి ఉంటాయి. ఒకప్పుడు అందులో గుర్రాల మీద పోటీలు జరిగేవి, గుర్రాలు ఎక్కడానికని కట్టిన మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి కాబట్టి దిగేటప్పుడు మీ మోకాళ్ళకీ సుఖమే.

ఆ హాల్ పక్కనే ఒక గది, గదికో కిటికీ. నేనైతే ఆ కిటికీ కోసమే రెండోసారి వెళ్ళాను. 1609లో క్యాథలిక్ చక్రవర్తి రుడాల్ఫ్ ప్రొటెస్టెంట్లకి మతస్వేచ్ఛ ఇస్తూ రాతపూర్వకంగా హామీ ఇచ్చాడు, తర్వాతొచ్చిన పాలకులు వాళ్ళ చర్చిలు మూయించి ఆ మాట తప్పారు. 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు ఆ గదిలోకొచ్చి స్లావాతా, మార్టినిట్స్ అనే ఇద్దరు చక్రవర్తి ప్రతినిధుల్ని నిలదీసి, వాళ్ళనీ వాళ్ళ గుమాస్తా ఫాబ్రిట్సియుస్‌నీ కిటికీలోంచి కిందకి తోసేశారు. దాదాపు 20 మీటర్ల ఎత్తు, అయినా ముగ్గురూ బతికారు, మేరీ మాత కాపాడిందని క్యాథలిక్కులు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. వాళ్ళు ముగ్గురూ బతికారు గానీ దాంతో మొదలైన యుద్ధం 1648 దాకా సాగి లక్షలాది మంది ప్రాణాలు తీసింది. అంత చిన్న గదిలో నిలబడి కిందకి చూస్తే ఒక్క మాట తప్పడం ఎంత దూరం పోతుందో కళ్ళకి కడుతుంది.

తర్వాత ఓపికుంటే గోల్డెన్ లేన్ చూడండి, రచయిత కాఫ్కా కూర్చుని రాసుకున్న 22వ నంబర్ ఇల్లు అక్కడే, కానీ సందు ఇరుకు, జనం ఎక్కువ, వదిలేసినా పర్లేదు. తిరిగి ట్రామ్ దగ్గరికే వచ్చేయండి. గంటన్నర మాత్రం చాలదమ్మా, పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం భోజనం వేళ దాకా పెట్టుకోండి, ఆ కిటికీ దగ్గర తొందరపెట్టొద్దని మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.