బీఫార్మసీ తర్వాత పరిశోధన: చర్మం వైపా, లివర్ వైపా?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి గుంటూరులో బీఫార్మసీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. అందానికి చేసే స్కిన్ ట్రీట్‌మెంట్ల మీద పరిశోధన చేస్తానని రెండేళ్లుగా అంటోంది. ఈ మధ్య వాళ్ల నాన్నకు ఫ్యాటీ లివర్ ముదిరి, లివర్ గట్టిపడే సిర్రోసిస్‌లోకి దిగుతోందని డాక్టర్లు చెప్పారు. అప్పటి నుంచి లివర్ జబ్బుల మీదే పనిచేస్తానంటోంది. స్కిన్ అంటే బ్యూటీ పార్లర్ పనే కదా, దానికి ఇంత చదువెందుకని బంధువులు అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక సంస్థ ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్, కాస్మెటాలజీ కోర్సుకు లక్షా ఇరవై వేలు అడుగుతోంది. ఉద్యోగం గ్యారంటీ అట. నెలాఖరులోగా అడ్వాన్స్ కట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ బంధువుల మాటతోనే మొదలుపెడతాను. అది మీ అమ్మాయిని బాగా నొప్పించి ఉంటుంది. ముఖం మీద ముడతలు పోవడానికి వేసే బోటాక్స్ ఇంజెక్షన్ పార్లర్‌లో పుట్టలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టర్ మెల్లకన్ను సరిచేయడానికి దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది కంటి జబ్బులకే. తర్వాత కెనడాలో జీన్ కరూథర్స్ అనే కంటి డాక్టర్, చర్మ వైద్యుడైన ఆమె భర్త అలస్టేర్ కలిసి, ఆ మందు వేసిన చోట కనుబొమల మధ్య ముడతలు కూడా తగ్గుతున్నాయని గమనించి 1992లో ప్రచురించారు. ముడతలకు అమెరికా అనుమతి 2002లో గానీ రాలేదు. మధ్యలో గడిచిన ఆ పదేళ్లు ఎంత మోతాదు వేయాలి, ఎన్నాళ్లు పనిచేస్తుంది, కనురెప్ప వాలిపోతుందా అని ఒక్కొక్కటీ తేల్చుకోవడానికే పట్టాయి. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఇలాంటి పని. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అందం కోసం ఇచ్చే మందు కాబట్టి అందులో చిన్న ప్రమాదాన్ని కూడా ఒప్పుకోలేం. అందుకని ఇక్కడ పరీక్ష ఇంకా గట్టిగా ఉండాలి.

ఇక చర్మమా, లివరా అన్న ప్రశ్న. ఈ రెండూ ఆమె అనుకుంటున్నంత దూరంగా లేవు. గడ్డం కింద కొవ్వు కరిగించడానికి 2015లో అమెరికా అనుమతించిన ఇంజెక్షన్‌లో ఉండేది డీఆక్సీకోలిక్ ఆమ్లం. లివర్ కొలెస్ట్రాల్ నుంచి పిత్త ఆమ్లాలు తయారుచేస్తుంది, పేగుల్లోని బ్యాక్టీరియా వాటిలో ఒకదాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తాయి. తిన్న కొవ్వును అరిగించడానికి మన ఒంట్లో ఉన్న పదార్థమే చర్మం కింద కొవ్వు కణాల పొరను చీల్చడానికి పనికొచ్చింది. అనుమతికి ముందు వెయ్యి మందికి పైగా మనుషుల మీద, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి పరీక్షించారు. కొద్దిమందిలో దవడ దగ్గరి నరం దెబ్బతిని కొన్నాళ్లు నవ్వు వంకరపోతుందని బయటపడింది కూడా ఆ పరీక్షల్లోనే. సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ వాడేవాళ్ల లివర్‌ను గమనిస్తూ ఉండాలని, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వేసేవాళ్లకు లివర్ పరీక్షలు చేయించాలని మీ అమ్మాయి ఫార్మకాలజీలో చదివే ఉంటుంది.

మన ఊళ్లకు బాగా దగ్గరైన ఉదాహరణ గ్లూటాథయోన్. పెళ్లికి ముందు తెల్లబడాలని సెలైన్‌లో ఎక్కించుకుంటున్నది ఇదే. గ్లూటాథయోన్ మన లివర్ తనంతట తాను తయారుచేసుకునే పదార్థం. పారాసిటమాల్ మోతాదు మించితే పుట్టే విషాన్ని విరిచేది ఇదే. ఇది అడుగంటినప్పుడే లివర్ కణాలు చచ్చిపోతాయి. మన దేశంలో ఈ ఇంజెక్షన్‌కు అనుమతి ఉన్నది మద్యం వల్ల వచ్చే లివర్ జబ్బులకు. తెల్లబడటానికి ఇంజెక్షన్‌గా ఎక్కిస్తే పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. లివర్‌కు, కిడ్నీలకు హాని, ప్రాణం మీదికి తెచ్చే చర్మపు రియాక్షన్లు ఉంటాయని అందులో ఉంది. లివర్ రోగికి ఇచ్చే మందు అందం పేరుతో ఆరోగ్యవంతుల నరాల్లోకి వెళ్తుంటే, ఎవరికి ఏం జరుగుతోందో ఓపిగ్గా లెక్కరాసే మనుషులు మనకు చాలా తక్కువమంది ఉన్నారు. ఈ పని చేయడానికి చర్మమూ తెలియాలి, లివరూ తెలియాలి. మీ అమ్మాయి లాంటి ఫార్మసీ విద్యార్థులు ఇటువైపు రావాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

కాబట్టి ఏ అవయవం అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ల్యాబ్‌లో పనిచేయాలా, మనుషుల మధ్య పనిచేయాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ రెంటికీ కావాల్సిన స్వభావాలు వేరు.

ల్యాబ్ అంటే కణాలను పెంచడం. చర్మానికి హాకాట్ కణాలు, లివర్‌కు హెప్ జీ2 కణాలు. వారాల తరబడి పెంచినవి ఒక్కసారి కంటామినేషన్ అయి బయటి క్రిములు చేరితే పారేయాల్సి వస్తుంది. అదే ప్రయోగం మూడోసారి చేస్తే మొదటి రెండుసార్లు వచ్చిన ఫలితం రాకపోవచ్చు. కాస్మెటిక్స్‌ను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. అప్పటి నుంచి మనిషి చర్మ కణాలతో ల్యాబ్‌లో పెంచిన చర్మం మీద పరీక్షలు చేసేవాళ్ల అవసరం పెరిగింది. ఒంటరిగా, నిదానంగా, ఒకే పనిని పట్టుకుని కూర్చోగలిగితే ఇది ఆమెకు సరిపోతుంది.

క్లినికల్ వైపు, అంటే మందులను మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్ వైపు, కోఆర్డినేటర్‌గా మొదలవుతుంది. ట్రయల్‌కు సరిపడే రోగులను వెతకడం, సమ్మతి పత్రం వాళ్ల భాషలో చదివి వినిపించడం, ఏ రోజు ఏ రక్తపరీక్షో తప్పకుండా చూడటం, ఎవరికైనా తీవ్రమైన ఇబ్బంది వస్తే 24 గంటల్లో రిపోర్ట్ వెళ్లేలా చూడటం. ఇక్కడ చర్మానికీ లివర్‌కూ పెద్ద తేడా ఒకటుంది. ఒక క్రీమ్ పనిచేసిందా లేదా అన్నది కొన్ని వారాల్లో ఫొటోల్లోనూ, చర్మంలో తేమను కొలిచే యంత్రాల్లోనూ తెలిసిపోతుంది. లివర్ అలా కాదు. 2024 మార్చిలో ఫ్యాటీ లివర్ ముదిరి మచ్చ కట్టిన దశకు అమెరికా అనుమతించిన మొదటి మందు రెస్మెటిరామ్. అది పనిచేస్తోందని చూపడానికి తొమ్మిది వందల మందికి పైగా రోగులకు ఏడాది పాటు ఇచ్చి, సూదితో లివర్ ముక్క తీసి చూడాల్సి వచ్చింది. ఏడాది పాటు రోగులు మధ్యలో మానేయకుండా చూసుకోవడం అంటే వాళ్ల ఇంటి సంగతులు కూడా పట్టించుకోవడమే. ఫోన్ ఎత్తని పెద్దాయనకు మళ్లీ మళ్లీ విసుక్కోకుండా ఫోన్ చేయగలిగే అమ్మాయి అయితే ఇందులో రాణిస్తుంది.

సమ్మతి పత్రం మాట ఎందుకు ఎత్తానంటే, మన దగ్గర దీని చరిత్ర బాధాకరం. 2009లో ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో చాలామంది గిరిజన బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తేలింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. చర్మ పరిశోధనకూ మచ్చ ఉంది. మొటిమలకు ట్రెటినాయిన్ అందించిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మం మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. మీ అమ్మాయి ఏ వైపు వెళ్లినా ఈ రెండు సంగతులూ చదివే వెళ్లాలి.

ఇప్పుడు దారి. ఎంఫార్మసీకి జాతీయ స్థాయిలో జరిగే జీప్యాట్ పరీక్ష రాయించండి. అందులో అర్హత సాధిస్తే ఎంఫార్మసీలో నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్ ప్రవేశ పరీక్షకూ అదే అర్హత. నైపర్ హైదరాబాద్ బాలానగర్‌లో ఉంది. ఫార్మకాలజీ తీసుకుంటే చర్మానికైనా, లివర్‌కైనా, ల్యాబ్‌కైనా, క్లినికల్‌కైనా తలుపులు తెరిచే ఉంటాయి. ఆ తర్వాత పీహెచ్‌డీ అనుకుంటే జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ సాధించాలి. 2023 నుంచి అది నెలకు 37,000. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ అనే పరిశోధన సంస్థలు, పెద్ద గ్యాస్ట్రో ఆసుపత్రులు ఉన్నాయి. లివర్‌ను పాడుచేసే హెపటైటిస్ బీకి మన దేశపు మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) టీకా 1997లో వచ్చింది ఈ ఊళ్లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే. ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. బోటాక్స్, చర్మం కింద నింపే ఫిల్లర్ ఇంజెక్షన్లు వేయడం డాక్టర్ల పని. కాస్మెటాలజీ సర్టిఫికెట్ చూపి ఆమె చేత ఎవరైనా ఆ పని చేయించబోతే ఒప్పుకోవద్దని చెప్పండి.

మీవారి జబ్బు గురించి కూడా ఒకటి చెప్పాలి. నాన్న కోసం లివర్ పరిశోధన చేయాలనుకోవడం మంచి మనసు. కానీ పరిశోధన ఫలితం మందుగా రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. నాన్నను నేనే బాగుచేయాలన్న భారం ఇరవై రెండేళ్ల పిల్ల మీద పడనివ్వకండి. ఆయనకు ఇప్పుడు కావాల్సింది డాక్టర్ చెప్పిన తేదీకి స్కాన్, ఎండోస్కోపీ చేయించడం, బరువు, షుగర్ అదుపులో ఉంచడం, మద్యం జోలికి పోకపోవడం. ఈసారి లివర్ ఓపీకి ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి. పెద్ద ఆసుపత్రుల్లో అక్కడే ట్రయల్ కోఆర్డినేటర్లు ఉంటారు. వాళ్లతో ఒక పూట కూర్చుని మాట్లాడితే ఈ పని తనకు నచ్చుతుందో లేదో ఆమెకే తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని సీటీఆర్ఐ వెబ్‌సైట్ కూడా తెరవమనండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్ అందులో నమోదు కావాల్సిందే. ఫ్యాటీ లివర్ అని ఒకసారి, మంగు మచ్చలకు మెలాస్మా అని ఒకసారి వెతికి, రెండు మూడు ట్రయల్స్ పూర్తిగా చదవమనండి. ఏది చదువుతుంటే టైమ్ తెలియలేదో గమనించుకోమనండి.

లక్షా ఇరవై వేల కోర్సు అడ్వాన్స్ కట్టకండి. ఆ కోర్సులో నేర్పే వాటిలో ముఖ్యమైన జీసీపీ (ట్రయల్స్ సక్రమంగా నడిపే నియమాలు) శిక్షణ ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్‌తో సహా ఉచితంగా దొరుకుతుంది. ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను కాగితం మీద రాసి, ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కి ఇస్తామని సంతకం పెట్టమని అడగండి. కిందటి బ్యాచ్ పిల్లల్లో ఇద్దరి ఫోన్ నంబర్లు కూడా అడగండి. ఆ రెండూ ఇస్తే మళ్లీ నాకు రాయండి, అప్పుడు ఆలోచిద్దాం.