రాయితీని నమ్ముకుని కెమెరా తిప్పేముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది,

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సినిమా తీస్తే ఖర్చులో 30 శాతం ప్రభుత్వమే ఇస్తుంది, బడ్జెట్‌లో ఆ మేరకు డబ్బు సమకూరినట్టే అని రాశావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది!

అందులో అసలు రాయితీ 20 శాతమే. మిగతా 10 సినిమాలో ఆ రాష్ట్రం లోగో, అదే పీచ్ పండు గుర్తు, వేసినందుకు. లెక్కలోకి వచ్చే ఖర్చు కనీసం 5 లక్షల డాలర్లుండాలి, అదీ ఆ రాష్ట్రంలో పెట్టిందే. పైగా చేతికొచ్చేది నగదు కాదు, పన్ను క్రెడిట్, అంటే ఆ రాష్ట్రానికి కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే మొత్తం. కొత్త కంపెనీవి, నీకక్కడ పన్నెంత ఉంటుంది? అక్కడ పన్ను కట్టేవాళ్లకు కాస్త తగ్గించి అమ్ముకోవాల్సిందే. 10 లక్షల డాలర్ల ఖర్చుకు 3 లక్షల క్రెడిట్ వచ్చి, డాలరుకు 88 సెంట్ల చొప్పున అమ్ముడుపోయిందనుకో, మిగిలేది 2,64,000. అదీ ఆడిట్ అయ్యాకే. ఈలోపు యూనిట్‌కి వారం వారం జీతాలు ఆగవు కదా. అప్పు తేవాలి. ఆ వడ్డీని ఇప్పుడే బడ్జెట్‌లో రాసుకో.

బిల్లుల దగ్గర అతి తెలివి వద్దు. లెన్సులు లాస్ ఏంజెలెస్ నుంచి తెప్పించి, అట్లాంటాలో ఎవరి పేరు మీదో బిల్లు కొట్టిస్తే ఆడిటర్ దాన్ని పక్కన పడేస్తాడు. ఆ వ్యాపారం నిజంగా అక్కడ చేసేవాడి దగ్గరే అద్దెకు తీసుకో.

సిబ్బంది గురించి అడిగావు. జార్జియా ఫిల్మ్ అకాడమీ 2015లో పెట్టారు. అక్కడి యూనివర్సిటీలు, టెక్నికల్ కాలేజీల ద్వారా లైటింగ్, గ్రిప్ (కెమెరా, లైట్ల స్టాండ్లు, పట్టాలు బిగించే పని) లాంటివి నేర్పుతారు. అక్కడివాళ్లను తీసుకుంటే బయటివాళ్లను రప్పించి పెట్టే హోటల్ ఖర్చు తప్పుతుంది. న్యూ మెక్సికో రాష్ట్రం అయితే ఇంకో అడుగు ముందుకేసింది. సెట్‌లో పని నేర్చుకునే స్థానికుల జీతంలో సగం, మనిషికి 1,040 గంటల వరకు, నిర్మాతకు తిరిగిస్తుంది. వినడానికి ఎక్కువే గానీ, రోజుకు 12 గంటలు నడిచే షూటింగ్‌లో 87 రోజులకే అయిపోతాయి. పైగా అక్కడి ప్రధాన రాయితీని కూడా రాష్ట్రమే చెల్లిస్తుంది, అమ్ముకునే తలనొప్పి లేదు. అందుకే నీ స్థాయి సినిమాకు అదే నయమని నాకనిపిస్తుంది. ఒకటి మాత్రం చూడు: నేర్చుకోవడానికొచ్చిన పిల్లల చేత కాఫీలు మోయించకు, చేతికి పని ఇవ్వు.

ఇక నీ స్నేహితుడు సొంతంగా స్టూడియో ఫ్లోర్ కడదామంటున్నాడట. వద్దు. మిషిగన్ రాష్ట్రం 2008లో సినిమాలకు భారీ రాయితీలు ప్రకటించి 2015లో ఎత్తేసింది. ప్రభుత్వం మనసు మారితే గోడలు మనతో రావు. అద్దెకు తీసుకోండి.

బడ్జెట్‌ను రెండు కాలమ్‌లుగా విడగొట్టి పంపు: రాష్ట్రంలో పెట్టేది ఒకటి, బయట పెట్టేది ఒకటి. అడ్వాన్సులు ఇవ్వకముందే ఒకసారి చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న