మేనకోడలి పట్టా పండగకు చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారు షాపులో అకౌంట్స్ చూస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 52,000 వస్తుంది. ఖర్చులు, చీటీ పోను 8,000 మిగులుతుంది. మా అన్నయ్య కూతురికి వేలూరులో యూనివర్సిటీ పట్టా ఇస్తున్నారు. ఇంకా రెండున్నర నెలలుంది. అందరూ రావాల్సిందేనని వదిన పట్టుబట్టింది. మేం నలుగురం, అమ్మ, చిన్నమ్మ, బాబాయి కలిసి మావారి స్నేహితుడి పెద్ద కారు రోజుకు 2,500 అద్దెకు తీసుకుని, తిరుమల కూడా చూసుకుని నాలుగు రోజుల్లో తిరిగి రావాలని అనుకుంటున్నాం. 60,000 అవుతుందని లెక్కేశాం. అమ్మాయికి బంగారం కూడా పెట్టాలంటుంది అమ్మ, అది ఈ లెక్కలో లేదు. రెండు లక్షల చీటీ ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. అది బాబు ఇంటర్ ఫీజు కోసం. ఇప్పుడే పాడుకోమంటారా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోమంటారా?

జవాబు: వెళ్లండమ్మా, మానుకోవద్దు. కానీ ఆ చీటీ జోలికి పోకండి.

కిందటి నెల పాట 1,78,000కి పోయిందని రాశారు. చివరిదాకా ఆగితే ఐదు శాతం కమీషన్ పోను మీకు 1,90,000 వస్తుంది. అంటే ఇప్పుడు పాడితే 12,000 వదులుకోవాలి. మీకు కావలసింది అరవై వేలే అయినా కోత మాత్రం రెండు లక్షల మీద పడుతుంది. అరవై వేలకు ఐదు నెలల్లో పన్నెండు వేలంటే నూటికి నాలుగు రూపాయల వడ్డీ. మిగిలిన 1,18,000 బ్యాంకులో వేస్తే మూడు వేల పైచిలుకు వస్తుందనుకున్నా దాదాపు మూడు రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అడిగితే మీరే ముక్కున వేలేసుకుంటారు. పైగా పాడాక జామీనుదార్ల కోసం తిరగాలి. మిగిలిన డబ్బు బాబు ఫీజు కట్టేదాకా చెక్కు చెదరకుండా ఉంటుందని కూడా నాకు నమ్మకం లేదు. కార్డు ఈఎంఐ దీనికంటే నయమే. కానీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపి చూస్తే అదీ చవక కాదు. కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం మాత్రం అసలు వద్దు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇంతకీ, హాల్లోకి ఎంతమందిని రానిస్తారో అడిగారా? చాలా యూనివర్సిటీల్లో ఒక్కో విద్యార్థికి రెండు పాసులే ఇస్తారు, అవి తల్లిదండ్రులకే సరిపోతాయి. మీ ఏడుగురూ బయట చెట్టు కిందే ఉండాల్సి రావచ్చు. అయినా వెళ్లడం తప్పేమీ కాదు, ఫొటోలూ భోజనమూ తర్వాతే కదా. గౌను సాయంత్రానికే తిరిగిచ్చేయమంటారు కాబట్టి ఫొటోల సంగతి ముందే చూసుకోమనండి. పాసుల విషయం మేనకోడలికి ఈ రోజే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక స్నేహితుడి కారు. తెల్ల నంబరు ప్లేటు కారును అద్దెకు తిప్పినట్టు తేలితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అప్పుడు ఆ స్నేహితుడితో స్నేహం ఏమవుతుందో ఊహించుకోండి. పసుపు ప్లేటు టాక్సీ అయితే రోజుకు కనీసం 250, 300 కిలోమీటర్ల లెక్క, డ్రైవర్ బత్తా, తమిళనాడు పర్మిట్ అన్నీ కలిసి తడిసి మోపెడవుతుంది.

మీ ఇంట్లో చిన్న కారు ఉందని ఉత్తరం చివర్లో రాశారు. మీరు నలుగురూ అమ్మా అందులో సరిపోతారు. చిన్నమ్మ, బాబాయిలను రైలెక్కించండి. శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు మీదుగానే కాట్పాడి వెళ్తుంది, అక్కడి నుంచి వేలూరు పక్కనే. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు. ఆ వయసులో కారులో ఇరుక్కుని 480 కిలోమీటర్లు కూర్చోవడం కంటే బెర్తు మీద పడుకుని వెళ్లడమే వాళ్లకు హాయి.

రానూపోనూ, అటూ ఇటూ తిరగడంతో 1,100 కిలోమీటర్లు వేసుకోండి. లీటరుకు పదహారు చొప్పున 70 లీటర్లు, 110 రూపాయల లెక్కన 7,700. తమిళనాడులో పెట్రోలు మన దగ్గరకంటే తక్కువ కాబట్టి తిరుగు ప్రయాణంలో అక్కడే ట్యాంకు నింపండి. టోల్‌కు రెండు వేలు. ఫాస్టాగ్‌లో డబ్బు ముందే వేయండి, లేకపోతే యూపీఐతో ఒకటింబావు రెట్లు కట్టాలి. సెలవులకీ సంక్రాంతికీ జాతీయ రహదారి మీద తెగ తిరిగేవాళ్లకు ఏడాది పాసు లాభమే, ఈ ఒక్క ప్రయాణానికి దండగ.

వేలూరులో పట్టాల రోజున గదులు దొరకవు, దొరికినా ధర పెంచేస్తారు. ముందు రాత్రి చిత్తూరులో దిగండి, అక్కడి నుంచి గంట లోపే. కాణిపాకం పక్కనే కాబట్టి వినాయకుడి దర్శనమూ అవుతుంది. తిరుమల మాత్రం ఈసారికి వదిలేయండి. 300 రూపాయల టికెట్లు నెలల ముందే అయిపోతాయి. ఉచిత దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం, ఇంకో రోజు గదీ భోజనాలూ తోడవుతాయి. వినాయకుడు ఏమీ అనుకోడు, వెంకన్న కూడా అనుకోడు.

రెండు రాత్రులకు రెండేసి గదులు 6,000, మూడు రోజుల భోజనాలు 7,500, చేతిఖర్చుకు 3,000. అమ్మాయి చేతిలో 5,116 పెట్టండి. బంగారం ఆమె పెళ్లికి ఎలాగూ పెట్టాల్సిందే, ఇప్పుడు పెట్టినంత మాత్రాన అప్పుడు తగ్గదు. ఈ మాట అమ్మతో మీరు కాదు, మీవారు చెబితే వింటారేమో చూడండి.

రైలు టికెట్లు కాక, అన్నీ కలిపి 31,300 దాకా వస్తుంది. అప్పటికి మూడు జీతాలు అందితే నెలకు ఎనిమిది వేల చొప్పున 24,000 సిద్ధం. గదులు తనే చూసుకుంటానని అన్నయ్య అన్నారట, మీకు మొహమాటమట. ఒప్పుకోండి, ఆయన కూతురి వేడుక అది. అప్పుడు మీకు కావలసింది 25,300. ఆ 1,300 మొదటి రోజు దారికి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే అక్కడే చాలావరకు సర్దుకుంటుంది.

బయల్దేరే ముందు కారు పాలసీ ఒకసారి తీసి చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ కారుకు దెబ్బ తగిలినప్పుడు పైసా రాదు. తప్పనిసరి 15 లక్షల ప్రమాద బీమా కారు యజమానికి మాత్రమే. పక్కన కూర్చునే మీకూ పిల్లలకూ అమ్మకూ విడిగా కవర్ తీసుకోవాలి. దానికి అయ్యేది కొద్ది వందలే, చేతిఖర్చు మూడు వేలల్లోంచి తీయండి.