జుట్టు పెంచితే నాన్న అమ్మాయి అయిపోతాడా?

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు, జుట్టు పొడుగ్గా పెంచుకుంటే నాన్న అమ్మాయి అయిపోతాడా అని అడుగుతున్నాడు. ఇది మామూలేనా?

జవాబు: మామూలేనండీ, టెన్షన్ అక్కర్లేదు. మూడేళ్లకల్లా చాలామంది పిల్లలు తాము అబ్బాయో అమ్మాయో చెప్పేస్తారు గానీ, జుట్టో బట్టలో మారితే ఆ సంగతి కూడా మారిపోతుందనుకుంటారు, ఎందుకంటే ఆ వయసులో కంటికి కనిపించేదే వాళ్లకి నిజం. లారెన్స్ కోల్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లోనే దీన్ని దశలుగా వివరించాడు. పైపై మార్పులతో అది మారదన్న అవగాహన సుమారు 6, 7 ఏళ్లకి కుదురుతుంది. ఈలోగా "ఈ రంగు అమ్మాయిలదే" లాంటి మొండి రూల్స్ కూడా పెడతారు (పెద్దవాళ్లం మనమేం తక్కువ కాదులెండి), అవి తర్వాత చాలామందిలో సడలుతాయి. నవ్వేయకుండా, "జుట్టు ఎవరైనా పెంచుకోవచ్చు, నాన్న నాన్నే" అని చెప్పండి చాలు.