ముందు మనవరాలిని చూసి రండి, ఇల్లు సంగతి శ్రావణంలో

ప్రశ్న: నాకు 60, మావారికి 65. మాది గుంటూరు వైపు, ముప్ఫై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఒక్కగానొక్క అబ్బాయి భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తాడు. కోడలు అక్కడే బ్యాంకు ఉద్యోగి. మార్చి మొదట్లో పాప పుట్టింది. పురుడు పుట్టింట్లోనే, రాజోలు దగ్గర పల్లెటూరు. బారసాల సమయానికి మావారికి కంటి ఆపరేషన్ అవడంతో వెళ్లలేకపోయాం. ఇప్పటిదాకా పాపని ఫోన్లో చూడటమే. ఈ నెలలో వెళ్లి వియ్యంకుల ఇంట్లో పది రోజులుండి, ఆషాఢం రాకముందే భీమవరంలో అబ్బాయి అపార్ట్‌మెంట్‌లోనే అద్దెకి దిగాలనుకుంటున్నాం. అబ్బాయి ‘మీ ఇష్టం’ అన్నాడు. కోడలు ఏమీ అనలేదు. పాప అమ్మమ్మ గొంతు వింటే చాలు ఏడుపు ఆపేస్తోందట. సంతోషించాల్సింది పోయి నాకు కలుక్కుమంది. మేం వెళ్లడం తప్పా?
– ఒక నాయనమ్మ

జవాబు: తప్పెందుకవుతుందమ్మా? మూడు నెలలు నిండుతున్నా మనవరాలిని ఒళ్లోకి తీసుకోలేదంటే చేతులు లాగవూ? చిక్కల్లా మీరు ఒక్క ప్రయాణంలో రెండు పనులు పెట్టుకోవడంలో ఉంది. పాపని చూడటం ఒక పని. కాపురం మార్చడం ఇంకో పని. మొదటిదానికి ఫోన్ చేసి ‘ఫలానా రోజు వస్తున్నాం’ అంటే సరిపోతుంది. రెండోదానికి మీ కోడలి మాట కావాలి. అది మీకింకా అందలేదు.

అబ్బాయి ‘మీ ఇష్టం’ అన్నాడని రాశారు. తల్లిని కాదనలేక, భార్యని అడగలేక మగపిల్లలు అనే మాట అది. దాన్ని నమ్ముకుని సామాను సర్దకండి. కోడలు మాట్లాడకపోవడాన్ని మీరు అయిష్టం కింద లెక్కేసుకున్నట్టున్నారు. నాకలా తోచడం లేదు. రాత్రికి రెండు మూడుసార్లు లేచి పాలిచ్చే మనిషి, పక్క గదిలో కన్నతల్లి వింటుండగా, ‘రండి అత్తయ్యా’ అంటే ఇక్కడ నొప్పి, ‘వద్దు’ అంటే అక్కడ నొప్పి. ఏమీ అనకపోవడమే నయమనుకుని ఉంటుంది.

ఆ అమ్మాయికి మీ అవసరం అసలు ఎప్పుడు మొదలవుతుందో చూడండి. 2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. కాన్పుకి రెండు వారాల ముందు సెలవు పెట్టి ఉంటే ఆగస్టు మూడో వారానికి అయిపోతుంది. అప్పటికి తల్లీబిడ్డలు భీమవరం వచ్చేసి ఉంటారు. పాపకి ఆరో నెల, అన్నప్రాసన హడావిడి, పొద్దున్నే బ్యాంకు. ఎవరో ఒకరు ఉండాలి అనిపించేది అప్పుడు. ఇప్పుడు ఆషాఢం తరుముకొస్తోందని మీరు దిగితే, కోడలింకా పుట్టింట్లోనే ఉంటుంది. భీమవరంలో మీరిద్దరూ ఖాళీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. శ్రావణం దాకా ఆగండి.

ఇక ఈ ప్రయాణం. వియ్యంకుల ఇంట్లో పది రోజులు ఎక్కువ. వాళ్లు మర్యాదస్తులే అయుంటారు, ఇబ్బంది అక్కడే. గోదావరి జిల్లాల మర్యాద సంగతి తెలిసిందే కదా. మీరున్నన్ని రోజులూ ఆవిడ పాపని, పురుటాలిని వదిలేసి మీకోసం పనసపొట్టు కూర, పాలతాలికలు చేస్తూ పొయ్యి దగ్గరే ఉంటుంది. నర్సాపురం రైలెక్కి భీమవరంలో అబ్బాయి దగ్గర దిగండి. అక్కణ్ణుంచి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటితే రాజోలు వైపు వెళ్లిపోతారు. అక్కడ రెండు రాత్రులు ఉండి వెనక్కి రండి. ఆదివారం అబ్బాయితో కలిసి మళ్లీ వెళ్లండి. పాపకి పద్నాలుగో వారం టీకా ఈ నెలలోనే పడుతుంది. తేదీ కనుక్కుని ఆ రోజూ మర్నాడూ తప్పించండి. జ్వరంతో చిరాగ్గా ఉన్న బిడ్డ కొత్త చేతుల్లోకి వస్తే గుక్కపెట్టి ఏడుస్తుంది, మీరు దాన్ని ఇంకోలా తీసుకుంటారు. మీ ఇద్దరిలో ఎవరికైనా దగ్గో జలుబో ఉంటే టిక్కెట్లు రద్దు చేసుకోండి, మొహమాటం వద్దు.

వెళ్లాక ఒక మాట. ఆరు నెలల దాకా తల్లిపాలే, చుక్క నీళ్లు కూడా అక్కర్లేదని డాక్టర్లు చెబుతున్నది మీరూ వినే ఉంటారు. తేనె ఏడాది నిండేదాకా నాలిక్కి రాయకూడదు. వస, ఆముదం, గ్రైప్ వాటర్ మీ సంచిలో ఉంటే ఇంట్లోనే వదిలేయండి. సాంబ్రాణి పొగ పసిదాని ఊపిరితిత్తులకి మంచిది కాదు. అమ్మమ్మ అవి వాడుతూ కనిపించినా, ‘వదినగారూ, ఇది తప్పు’ అని అక్కడ అనకండి. తర్వాత అబ్బాయి చేత డాక్టర్‌ని అడిగించండి. మా పెద్దాడు పుట్టినప్పుడు మా అత్తగారు గుమ్మంలోకి రాగానే ‘పిల్లాడు నలిగిపోయాడేంటి’ అన్నారు. ఆవిడ పోయి పదేళ్లయింది, ఆ మాట నాకింకా గుర్తుంది. మీరు ముందు కోడలి పక్కన కూర్చుని ‘రాత్రి కాస్త పడుకున్నావా’ అని అడగండి. ఏ పనిలోనూ ఆసక్తి లేకుండా, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటూ కనిపిస్తే పథ్యం మార్చి సరిపెట్టుకోకండి. డాక్టర్‌కి చూపించమని అబ్బాయికి చెప్పండి.

అమ్మమ్మ గొంతుకి ఊరుకుంటోందంటే పాప పుట్టినప్పటి నుంచీ ఎక్కువగా విన్న గొంతుల్లో అదొకటి. మీ గొంతూ వింటుంది. అన్నట్టు ఆ వైపు నాయనమ్మ అనరు, ‘మామ్మ’ అంటారు. రేపు పాప మిమ్మల్ని అలా పిలిస్తే పలకడం నేర్చుకోండి.

ఇల్లు మారే మాట వియ్యంకుల ఇంట్లో ఎత్తకండి. కోడలు భీమవరం వచ్చి సర్దుకున్నాక, అబ్బాయిని మధ్యలో పెట్టకుండా మీరే అడగండి. ‘అమ్మాయ్, నువ్వు బ్యాంకుకి వెళ్తే పాపని ఎవరు చూసుకుంటే నీకు నిశ్చింత? మేం దగ్గరుంటే బాగుంటుందా, బరువవుతుందా? ఇప్పుడే చెప్పక్కర్లేదు.’ ఇంతే. వాళ్లమ్మగారిని తెచ్చుకుంటానంటే అదీ జవాబే, నొచ్చుకోకండి. రమ్మంటే అదే అపార్ట్‌మెంట్ మాత్రం వద్దు. లిఫ్టులో రోజుకి నాలుగుసార్లు ఎదురుపడుతుంటే వాళ్ల ఇంటికొచ్చే కూరగాయల సంచీ కూడా మీ కంట పడుతుంది. రెండు వీధుల అవతల చూసుకోండి.

మీవారి మనసులో ఏముందో మీరేమీ రాయలేదు, నా బెంగ ఆయన గురించే. హైదరాబాద్‌లో పొద్దున్నే నడకకి తోడొచ్చే స్నేహితులు ఉండే ఉంటారు. భీమవరంలో ఆ ఉక్కపోత, సాయంత్రం ఐదైతే దోమలు. చుట్టూ చెరువులు, భూగర్భ జలం ఉప్పన, తాగడానికి క్యాన్లు కొనుక్కోవాలి. ముప్ఫై ఏళ్లు హైదరాబాద్‌లో ఉన్న ఒంటికి అలవాటు పడటం కష్టమే. అందుకని ఈసారే అబ్బాయి దగ్గర ఆయన మూడు వారాలు ఉండి చూడమనండి. తర్వాత శ్రావణంలో దిగినా పదకొండు నెలల అద్దె ఒప్పందం చాలు. హైదరాబాద్ ఇల్లు సొంతదైతే అమ్మకానికి పెట్టకండి, అద్దెకివ్వండి.