టెక్ సందేహాలు: పాత కుర్రాడు వెళ్లిపోయాడు, తాళంచెవి?

ఈ మధ్య వచ్చిన మెయిళ్లలో దాదాపు సగం ఒకే మొర. దుకాణంలోనో ఆఫీసులోనో నాలుగైదు కంప్యూటర్లు ఉంటాయి. వాటిని చూసే బయటి కుర్రాడు ఫోన్ ఎత్తడు. ఎత్తితే ‘దార్లో ఉన్నా సార్’ అంటాడు. ఆ దారి సాయంత్రానికి కూడా తెగదు. అతన్ని మార్చాలా, ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) మార్చాలా, జీతానికి మనిషిని పెట్టుకోవాలా అని అందరి ప్రశ్న. మూడు ఉత్తరాలు తీసుకున్నాను, చివర ఒక చిన్న ముక్క.

గుంటూరు నుంచి: మాది మిర్చి కమీషన్ వ్యాపారం. అయిదు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు. ఏడాది ఏఎంసీ కట్టాం. సీజన్‌లో ప్రింటర్ ఆగిపోతే మూడో రోజు వచ్చి, పార్టుకు విడిగా డబ్బు తీసుకున్నాడు. ఇంతకన్నా ఒక మనిషిని పెట్టుకోవడం నయమా?

అయిదు కంప్యూటర్లకు జీతం మనిషి దండగ. నెలకు నాలుగు రోజులు పని ఉంటుంది, మిగతా రోజులు మీరే అతని చేత బిల్లులు కొట్టిస్తారు, ఆర్నెల్లకు హైదరాబాద్ బస్సెక్కుతాడు.

మీ ఏఎంసీ కాగితం మళ్లీ తీసి చదవండి. పార్టులు కూడా వాళ్లే వేసే రకం ఒకటి, చేతిపని మాత్రమే చేసే రకం ఇంకొకటి. మీరు తక్కువకు వచ్చిందని రెండోది తీసుకున్నట్టున్నారు. అలాంటప్పుడు పార్టు డబ్బులు అడగడం అతని తప్పు కాదు. మూడో రోజు రావడం తప్పే, కానీ ఎన్ని గంటల్లో రావాలో మీ కాగితంలో రాసుకున్నారా? చాలామంది రాసుకోరు. ఈసారి రాయించండి. యార్డులో సరుకు దిగే నెలల్లో నాలుగు గంటలు, మిగతా రోజుల్లో మర్నాటికి అని విడివిడిగా రాయించండి. ఒక్కడే తిరిగే కుర్రాడికన్నా నలుగురైదుగురు టెక్నీషియన్లున్న చిన్న సంస్థకు కాస్త ఎక్కువ అవుతుంది. కానీ ఒకడు చెల్లెలి పెళ్లికి వెళితే ఇంకొకడు వస్తాడు.

ఇంకో మాట. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) చూసేవాడు ‘నెట్‌వర్క్ ప్రాబ్లెం’ అంటాడు, నెట్‌వర్క్ చూసేవాడు ‘ట్యాలీ ప్రాబ్లెం’ అంటాడు. ఇద్దరి మధ్యా మీ గుమాస్తా బంతిలా తిరుగుతాడు. ఎవరో ఒకరు మొత్తానికి జవాబుదారీ అని ముందే తేల్చుకోండి. ప్రింటర్ సంగతికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఒక పాత డాట్ మాట్రిక్స్ కొని, పని చేస్తోందో లేదో చూసి, అటక మీద పెట్టండి.

హనుమకొండ నుంచి: మాది డయాగ్నొస్టిక్ ల్యాబ్. పాత సపోర్ట్ అబ్బాయిని మానిపించి మూడు నెలలైంది. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు రిపోర్టులు టైప్ చేస్తుంటే మౌస్ దానంతట అదే కదిలింది. బిల్లుల ఫోల్డర్ తెరుచుకుని మూసుకుంది. వైరస్ ఏమోనని ఫార్మాట్ చేయిద్దామనుకుంటున్నాం.

ఫార్మాట్ చేయించకండి. ముందు ఆ కంప్యూటర్ నెట్ కేబుల్ పీకండి, వైఫై ఉంటే ఆపండి. మౌస్ కదిలి ఫోల్డర్ తెరిచింది వైరస్ కాదు, మనిషి. మీ పాత అబ్బాయి కావచ్చు, అతని పాస్‌వర్డ్ తెలిసిన ఇంకెవరైనా కావచ్చు. ఫార్మాట్ చేస్తే అది ఎవరో తెలిసే ఆధారం కూడా పోతుంది.

మీ టేబుల్ దగ్గరికి రాకుండా పని చేసి పెట్టడానికి టెక్నీషియన్లు రిమోట్ యాప్ వేస్తారు. ‘సార్, స్క్రీన్ మీద నంబరు చెప్పండి’ అంటాడు. మీరు చదువుతారు, ‘యాక్సెప్ట్ నొక్కండి’ అంటాడు, నొక్కుతారు. ఇంతవరకు బాగానే ఉంది. రెండు మూడుసార్లయ్యాక మీరు చూసే పేషెంట్ల మధ్యలో ఫోన్ ఎత్తడం కష్టమని, మీరు నొక్కే పని లేకుండా ఒక శాశ్వత పాస్‌వర్డ్ పెట్టేస్తాడు. అది మీ మంచికే పెట్టాడు. కానీ మీరు అతన్ని మానిపించినప్పుడు ఆ పాస్‌వర్డ్‌ను ఎవరు మానిపించారు?

కిందటేడాది ఒక తెలిసినవారి ఎరువుల దుకాణంలో కూర్చుని ఉండగా అక్కడి కంప్యూటర్లు చూసే కుర్రాడు వచ్చాడు. మంచివాడు, పనిమంతుడు. టీ తాగుతూ, ఇంతమంది కస్టమర్ల పాస్‌వర్డ్‌లు ఎలా గుర్తుపెట్టుకుంటావని అడిగాను. నవ్వి, ఫోన్లో నోట్స్ తెరిచి చూపించాడు. ఒకటి కింద ఒకటి నంబర్లు, పక్కన దుకాణాల పేర్లు: మెడికల్ షాపు, స్కూలు, రెండు బంగారు కొట్లు, ఒక ఆడిటరు ఆఫీసు. పాస్‌వర్డ్ కాలమే లేదు. ‘అన్నిటికీ ఒకటే సార్, తేలిక కదా’ అన్నాడు. తన దుకాణం పేరు, ఆ తర్వాత ఒకటి రెండు మూడు. ఆ ఫోన్‌కు లాక్ కూడా ఒక గీతే. మా ఎదురుగా కూర్చున్న ఎరువుల దుకాణం ఆయనకు ఇందులో వింతేమీ కనిపించలేదు. గల్లాపెట్టె తాళం సొంత బావమరిదికి కూడా ఇవ్వని మనిషి ఆయన.

నాకు అన్నిటికన్నా భయం ఇదే. మీ ఒక్క కంప్యూటర్ కోసం దొంగ కష్టపడడు, కానీ మీలాంటి అరవైమందిని చూసే మనిషి కోసం కష్టపడతాడు. 2021 జులైలో స్వీడన్‌లో కో-ఆప్ అనే సూపర్‌మార్కెట్ సంస్థ దాదాపు 800 దుకాణాలు మూసుకోవాల్సి వచ్చింది. ఆ దుకాణాల మీద ఎవరూ నేరుగా దాడి చేయలేదు. వాళ్ల క్యాష్ కౌంటర్లు చూసే బయటి సంస్థ వాడే రిమోట్ సాధనంలోకి రాన్సమ్‌వేర్ ముఠా, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజేవాళ్లు, దూరింది. అదే దెబ్బకు వేర్వేరు దేశాల్లో 800 నుంచి 1500 దాకా చిన్నా పెద్దా వ్యాపారాలు చిక్కుకున్నాయని ఆ సాధనం తయారుచేసినవాళ్లే లెక్క చెప్పారు. మన దగ్గర 2024 జులై చివర్లో దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులే ఎక్కువ. వాటికి సాంకేతిక సేవలందించే ఒకే ఒక సంస్థ మీద దాడి జరిగితే, మిగతా వ్యవస్థకు పాకకుండా, దేశంలో యూపీఐ లాంటి చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థను పక్కన పెట్టాల్సి వచ్చింది. బ్యాంకులకే అలా అయింది. ఒకటి రెండు మూడు పాస్‌వర్డ్ ల్యాబ్ సంగతి మీరే ఊహించుకోండి.

ఇక మీరు చేయాల్సింది. నెట్ పీకాక రిమోట్ యాప్ సెట్టింగ్స్ తెరవండి. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో తేదీ, టైముతో చాలా యాప్‌లు లాగ్ రాసుకుంటాయి. దాన్ని మీ సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాతే యాప్ తీసేయండి. ఒకటి కాదు, రెండు మూడు ఉంటాయి. ఒకటి పనిచేయనప్పుడు ఇంకోటి వేసి ఉంటాడు. యూజర్ అకౌంట్ల జాబితాలో ‘సపోర్ట్’, ‘అడ్మిన్ 1’ లాంటి మీకు తెలియని పేర్లుంటే రాసుకుని తీసేయించండి. మెయిల్, బ్యాంకు, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచి మార్చండి, దీన్నుంచి మాత్రం వద్దు. ల్యాబ్ మెయిల్‌కు రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. పది చోట్ల చూస్తే నాలుగు చోట్ల అది టెక్నీషియన్‌దే ఉంటోంది.

రౌటర్ కూడా వదలకండి. ‘సార్ ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ చూసుకుంటారట’ అని రౌటర్‌లో 3389 పోర్టు (దూరం నుంచి విండోస్‌లోకి వచ్చే దారి) బయటికి తెరిచి పెట్టడం మన ఊళ్లలో మహా మామూలు. అంటే వీధిలోకి తలుపు తీసి, గడియ పెట్టకుండా వెళ్లిపోవడం. ఇంటర్నెట్ అంతా అలాంటి తలుపులు తట్టుకుంటూ తిరిగే ప్రోగ్రాములు ఇరవైనాలుగు గంటలూ ఉంటాయి. పోర్టు నంబరు 3390కి మార్చామని కొందరు గర్వంగా చెబుతారు. అది తలుపు రంగు మార్చడం మాత్రమే. మూయించండి. ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ (మీవాళ్లకు మాత్రమే తెరుచుకునే చాటు దారి) పెట్టించండి.

దొంగ విండోస్ వేసి ఉంటే ఇంకో చిక్కు. దాన్ని నడిపించే యాక్టివేటర్‌ను యాంటీవైరస్ పట్టుకుంటుంది. అందుకని టెక్నీషియన్ మొత్తం సీ డ్రైవ్‌నే యాంటీవైరస్ మినహాయింపుల్లో వేసి వెళ్లిపోతాడు. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ తెరిచి చూడండి. అక్కడ సీ డ్రైవ్ కనిపిస్తే మీ కాపలావాడు కళ్లకు గంతలు కట్టుకుని కూర్చున్నట్టే.

మీది ల్యాబ్ కాబట్టి చట్టం మాట కూడా. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, పని బయటివాళ్లకు ఇచ్చినా పేషెంట్ వివరాల బాధ్యత మీదే. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఉంది. భద్రత సరిగా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా వేయవచ్చు. మీ స్థాయికి అంత వేస్తారని కాదు, ‘సపోర్ట్ కుర్రాడు చేశాడు’ అనే సాకు చెల్లదని. ఇక సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లోపు తమకు తెలపాలని ఉంది. డబ్బు కూడా పోతే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంత చదివాక తప్పంతా కుర్రాడిదే అనిపించవచ్చు. నాకు అతని కన్నా ఆ యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద కోపం. ఒకసారి పెట్టిన శాశ్వత పాస్‌వర్డ్ ఎన్నేళ్లయినా చావదు. నెల తర్వాత ‘ఇంకా ఉంచాలా’ అని ఒక్క ప్రశ్న అడగడం ఎంత పని? బయటివాడు లోపలికి వచ్చినప్పుడు స్క్రీన్ మూల గోరంత పెట్టె వచ్చి మాయమైపోతుంది. యజమాని ఫోన్‌కు మెసేజ్ రాదు. ఓటీపీ లేకుండా గ్యాస్ సిలిండర్ దిగని దేశంలో, కంప్యూటర్ మొత్తం పరాయివాడి చేతికి ఏ ఓటీపీ లేకుండా వెళ్లిపోతుంది. అడిగితే ఆ సౌకర్యం ఎక్కువ ధర ప్లానులో ఉందంటారు. సీట్ బెల్టుకు విడిగా డబ్బు తీసుకునే కారును ఎవరైనా కొంటారా?

రాజమహేంద్రవరం నుంచి: బట్టల దుకాణం. ఆరు కంప్యూటర్లు, అన్నీ విండోస్ 10. ఇక అప్‌డేట్లు రావు, ఆరూ పారేసి కొత్తవి కొనాలని మా సపోర్ట్ సంస్థ కొటేషన్ ఇచ్చింది. నిజంగా అవసరమా?

అప్‌డేట్లు ఆగిన మాట నిజం, 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. ఆరూ పారేయాలన్న మాట మాత్రం కొటేషన్ రాసినవాడి ఆశ. విండోస్ 11కు టీపీఎం 2.0 (బోర్డులో ఉండే భద్రతా చిప్) కావాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు 8వ తరం నుంచి ప్రాసెసర్ కావాలి. మీ ఆరింటిలో ఏవి ఏ తరమో రాసి ఇమ్మనండి. చాలా బోర్డుల్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్‌లో) ఆపి ఉంటుంది, ‘లేదు’ అని మెసేజ్ చూపిస్తుంది. దాన్ని ఆన్ చేయడం రెండు నిమిషాల పని. నిజంగా పాతవైతే డబ్బు కట్టి భద్రతా అప్‌డేట్లు మాత్రం పొడిగించుకోవచ్చు. వ్యాపారాలకు మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కు 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు, మూడేళ్లే. రెండో ఏడాదికే కొత్త కంప్యూటర్ కొనడం నయమనిపిస్తుంది. బిల్లింగ్, బ్యాంకు పని చేసేవి ముందు మార్చండి. బార్‌కోడ్ స్టిక్కర్లు మాత్రమే కొట్టే కంప్యూటర్ ఉంటే దాని నెట్ తీసేసి ఇంకొన్నాళ్లు లాగించండి.

చక్కగా నడుస్తున్న యంత్రాన్ని కేవలం తారీఖు దాటిందని చెత్తలో వేయమనే పద్ధతి నాకు నచ్చదు. పదేళ్లు పనిచేసిన మిక్సీకి కంపెనీవాడు ఉత్తరం రాసి, ఇక దీంట్లో పచ్చడి రుబ్బొద్దు అన్నాడా ఎప్పుడైనా? అలాగని అప్‌డేట్లు రాని కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయమని కూడా చెప్పలేను.

కొత్త కంప్యూటర్లు ఆ సంస్థ దగ్గరే కొనేట్టయితే ఒక షరతు పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, వెబ్‌సైట్ పేరు రిజిస్ట్రేషన్, రౌటర్ లాగిన్ అన్నీ మీ పేరున, మీ మెయిల్ మీద ఉండాలి. కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీల్ వేసి మీ బీరువాలో ఉంచాలి. కాంట్రాక్టు ముగిసిన రోజు వాళ్లు ఏమేమి తీసేసి వెళ్లాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. దీనికి ‘మా మీద నమ్మకం లేదా సార్’ అని నొచ్చుకుంటే ఇంకొకరిని చూసుకోండి.

భీమవరం నుంచి, ఒక్క వాక్యం: బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కు గుచ్చే ఉంచుతున్నాం, చాలా?

చాలదు. రాన్సమ్‌వేర్ వస్తే గుచ్చి ఉన్న డిస్కుకు కూడా తాళం వేస్తుంది. రెండు డిస్కులు కొనండి. శనివారం సాయంత్రం ఒకటి గుచ్చి, కాపీ అయ్యాక పీకి ఇంటికి పట్టుకెళ్లండి, మరుసటి వారం రెండోది. నెలకోసారి అందులోంచి ఏదో ఒక పాత బిల్లు తెరిచి చూడండి.